రేడియో ఉత్తరాలు: పద్నాలుగో అంతస్తులో జానపదం

ప్రశ్న: మా అమ్మది సిద్దిపేట దగ్గర పల్లె. నాన్న పోయాక మా దగ్గరికి తీసుకొచ్చాం. మియాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో ఉంటాం. వచ్చేటప్పుడు బట్టలతో పాటు తన రేడియో కూడా తెచ్చుకుంది. ఊళ్లో రోజూ జానపద పాటలు వినేది. ఇక్కడ అదే స్టేషన్ పెడితే గుర్రుమనే మోత తప్ప ఏమీ రావడం లేదు. ఎఫ్ఎం పెడితే అన్నీ సినిమా పాటలే. "ఈ పట్నంల మన పాట లేదా బిడ్డా" అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: అమ్మా, మీ అమ్మగారి రేడియో చెడిపోలేదు. ముందు ఆ మాట ఆమెకు చెప్పండి. ఊరు వదిలి వచ్చిన మనిషికి తన వెంట వచ్చిన ఒక్క వస్తువు కూడా పాడైందనిపిస్తే మనసు కుంగిపోతుంది.

ఆమె ఊళ్లో వినేది మీడియం వేవ్ అయి ఉంటుంది. ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రం అంటే 738 కిలోహెర్ట్జ్ అని మా తరం వాళ్లకు నోటికి వచ్చు. మీడియం వేవ్ తరంగం నేలను అంటుకుని చాలా దూరం పోతుంది. చేనూ చెలకా దాటి మీ అమ్మగారి పల్లెకు హాయిగా చేరిన తరంగం, ఇనుప చువ్వలు నిండిన కాంక్రీటు గోడ దాటి మీ హాల్లోకి రావడానికి మాత్రం నానా అవస్థలు పడుతుంది. దానికి తోడు ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్ ఉంటాయి. ఇవన్నీ మన చెవికి అందని విద్యుత్ రొద పుట్టిస్తూనే ఉంటాయి. మీడియం వేవ్‌లో పాటంతా తరంగం ఎత్తు పెరగడం, తగ్గడంలోనే ఉంటుంది. ఆ రొద కూడా ఎత్తునే కదిలిస్తుంది. ఏది పాటో ఏది రొదో సెట్టుకు తెలియదు కనుక రెండూ కలిపి వినిపిస్తుంది. ఎఫ్ఎంలో పాట తరంగం ఎత్తులో ఉండదు, దాని పౌనఃపున్యం మారడంలో ఉంటుంది. అందుకే ఎఫ్ఎం మీ ఇంట్లోనూ శుభ్రంగా వినబడుతోంది.

ఈ పని చేసి చూడండి. సెట్టును కరెంటుకు తగిలించకుండా బ్యాటరీలు వేసి బాల్కనీలోకి తీసుకెళ్లండి. స్టేషన్ పెట్టి, సెట్టును బల్ల మీద ఉంచి గడియారం ముల్లు తిరిగినంత నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. లోపల రాగి తీగ చుట్టిన నల్లటి కడ్డీ ఒకటి ఉంటుంది, అదే మీడియం వేవ్‌కు యాంటెన్నా. పైకి లాగే స్టీలు కడ్డీకీ దీనికీ సంబంధం లేదు. ఈ నల్ల కడ్డీ స్టేషన్ వైపు అడ్డంగా తిరిగినప్పుడు గొంతు పైకి వస్తుంది. ఆ చోట బల్ల మీద సుద్దతో గీత గీసి పెట్టండి. తర్వాత ఇంట్లో చార్జర్లు, బల్బులు ఒక్కొక్కటే ఆపుతూ వినండి. మా ఇంట్లో దొంగ ఎవరో తెలుసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. హాల్లోని బెడ్ లైటు! దాన్ని మార్చాక మా ఇంట్లో మళ్లీ పొద్దున్నే పాట వస్తోంది.

అప్పటికీ రాకపోతే ఫోన్‌లో ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ పెట్టుకోండి. దానికి చిన్న బ్లూటూత్ స్పీకర్ జత చేసి, ఆ స్పీకర్‌ను మీ అమ్మగారి రేడియో పక్కనే పెట్టండి. గొంతు అలవాటైన చోటు నుంచే రావాలి. అది పెద్దవాళ్లకు ముఖ్యం.

ఇక ఆమె అడిగిన అసలు ప్రశ్న. ఈ పట్నంల మన పాట లేదా?

ఉంది. మీ అపార్టుమెంటు టవర్ కట్టిన కూలీల్లో పాలమూరు వాళ్లు ఉండి ఉంటారు. మెట్లు తుడిచే ఆమెది శ్రీకాకుళమో నల్గొండో అయి ఉంటుంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పాట కొంతైతే, బస్సెక్కి వచ్చిన పాట అంతకు ఎన్నో రెట్లు. అది వంటింట్లో, సెక్యూరిటీ గదిలో, బస్తీలో పెళ్లింట ఉంది. మైకు ముందుకు రావడం లేదు, అంతే.

మైకు ముందుకు వచ్చినప్పుడు ఏమవుతుందో ఒక అనుభవం చెబుతాను. నేను ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా, అంటే అవసరమైన రోజుల్లో పిలిచే తాత్కాలిక అనౌన్సర్‌గా, పనిచేసే రోజుల్లో ఒక పెద్దావిడ నాట్ల పాటలు పాడడానికి పల్లె నుంచి వచ్చింది. స్టూడియోలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. రికార్డింగు మొదలైందని చెప్పే ఎర్ర లైటు వెలిగింది. ఆమె నోరు తెరిచింది, పాట రాలేదు. మంచినీళ్లు ఇచ్చాం, మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ రాలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "కూసుంటె పాటెట్లొస్తది బిడ్డా" అంది. లేచి, చీర కుచ్చెళ్లు పైకి చెక్కి, నడుం వంచి, చేతులతో నారు నాటుతున్నట్టు వెనక్కి అడుగు వేసింది. పాట వచ్చేసింది! ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంజనీరు గారు పరుగున వచ్చి మైకును మోకాళ్ల ఎత్తుకు దించారు. ఆమె నాటుతూ వెనక్కి పోతుంటే ఆయన మైకు పట్టుకుని వంగి ఆమె వెంటే నడిచారు. ఆ రికార్డింగులో అడుగుల చప్పుడు కూడా ఉంది. అది తీసేద్దామా అని ఎవరో అడిగితే ఆయన ఒప్పుకోలేదు. పాటకు తాళం ఆ అడుగులదే.

కాబట్టి మీ అమ్మగారిని సోఫాలో కూర్చోబెట్టి "ఒక పాట పాడమ్మా" అంటే ఆమెకు గుర్తు రాకపోవచ్చు. చేతికి చేటలో బియ్యం ఇవ్వండి. చెరుగుతూ ఉండగా పక్కన కూర్చుని, ఊళ్లో నాట్లకు ముందు పాట ఎవరు ఎత్తేవాళ్లో అడగండి. ఫోన్‌లో రికార్డు బటన్ ముందే నొక్కి పెట్టుకోండి.

ప్రశ్న: ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లన్నీ ఎందుకు ఒకే పాటలు వేస్తాయి? జానపదాలు, లలిత సంగీతం వేస్తే వినేవాళ్లు ఉండరా?
– డిగ్రీ విద్యార్థి, ఉప్పల్

జవాబు: వినేవాళ్లు ఉన్నారు బాబూ. యూట్యూబ్‌లో తెలంగాణ జానపదాలను ఎంతమంది చూస్తున్నారో నీకు నాకంటే బాగా తెలుసు. కారణం వేరే చోట ఉంది.

హైదరాబాద్‌కు ప్రైవేటు ఎఫ్ఎంలు 2006లో వచ్చాయి. స్టేషన్ పెట్టాలంటే వేలంలో పాడి, పెద్ద మొత్తం ముందే కట్టాలి. ఆ తర్వాత ఏటా రాబడిలో వాటా ఇవ్వాలి. ఆ డబ్బు ప్రకటనల నుంచే రావాలి. ప్రకటన ఇచ్చేవాడు నగరం మొత్తాన్ని ఒకేసారి అడుగుతాడు. నగరం మొత్తానికీ ముందే తెలిసిన పాట ఏది? నిన్న విడుదలైన సినిమా పాట. సొంత వార్తలు చెప్పడానికి వాళ్లకు అనుమతి లేదు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా ఇచ్చే వీలు తర్వాత కలిగింది, అంతే. ఊరి వార్త చెప్పే వీలు లేని స్టేషన్‌కు ఊరితో ముడి ఎలా పడుతుంది? ఈ నిబంధన మారాలని నేను గట్టిగా కోరుకుంటాను.

దీనికి ఎదురు కథ కూడా ఒకటి ఉంది. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు కళ్లెం వేశారు. శ్రోతలు శ్రీలంక నుంచి సినిమా పాటలు వేసే రేడియో సిలోన్‌కు మళ్లిపోయారు. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణి కూడా సినిమా పాటలతో వివిధ భారతి మొదలుపెట్టక తప్పలేదు. బలవంతంగా ఒక పాట ఆపితే జనం ఆగరని తేలిపోయింది. కానీ ఆ కాలంలోనే రేడియో తన పాట తాను కట్టుకోవడం నేర్చుకుంది. తెలుగు లలిత సంగీతం అలా ఎదిగింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు పాటలు రాశారు, బాలాంత్రపు రజనీకాంతరావు గారు రాసి, బాణీ కట్టి, పాడి, కొత్త గొంతులను పిలిపించారు. పాలగుమ్మి విశ్వనాథం గారు ఆ పాటను ఇంటింటికీ నేర్పారు. వింజమూరి సీతాదేవి గారు హైదరాబాద్ కేంద్రంలో జానపదానికి గౌరవమైన చోటు సంపాదించారు. మేం నోటు పుస్తకం, పెన్సిలు పట్టుకుని సెట్టు ముందు కూర్చునేవాళ్లం. రేడియోలో గురువుగారు ఒక్కో పాదం పాడి ఆగేవారు, మేం రాసుకుని అనేవాళ్లం. ఇంట్లో సంగీతం మాస్టారును పెట్టుకునే స్తోమత లేని ఆడపిల్లలకు అదే పాఠశాల. నేను నేర్చుకున్నదీ అక్కడే.

ఆ పని ఏ ప్రైవేటు స్టేషన్ అయినా రోజుకు పది నిమిషాలు చేయగలదు. చేయమని అడగాలి. నువ్వు వినే స్టేషన్‌కు నువ్వే రాయి. "జానపదం వేయండి" అని రాస్తే ఎవరూ కదలరు. "ఫలానా మండలంలో ఫలానా చోట ఒగ్గుకథ చెప్పే బృందం ఉంది, వాళ్లను పిలవండి" అని రాయి. స్టూడియోలో పనిచేసిన దాన్ని కనుక చెబుతున్నాను, మనిషి దొరికితే కార్యక్రమం దానంతట అదే తయారవుతుంది.

ప్రశ్న: హైదరాబాద్ రేడియో మొదట్లో ఉర్దూలో ఉండేదని మా తాతగారు అనేవారు. నిజమేనా?
– మలక్‌పేట పాఠకుడు

జవాబు: నిజమే. అది దక్కన్ రేడియో. 1930లలో మొదలై నిజాం ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లింది. ఉర్దూదే పెద్దపీట. తెలుగు, మరాఠీ, కన్నడం కూడా వినిపించేవి. 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. అప్పటికి విజయవాడ కేంద్రం మొదలై ఏడాదిన్నర కావస్తోంది. దాని పుట్టినరోజు 1948 డిసెంబరు 1.

మీ తాతగారి మాట పట్టుకుని ఒక మాట చెప్పాలనిపిస్తోంది. హైదరాబాద్ పాట అంటే చాలామంది బోనాల పాట, బతుకమ్మ పాట అని ఆగిపోతారు. పాతబస్తీ పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఢోలక్ పెట్టుకుని వియ్యంపురాలిని ఆటపట్టిస్తూ పాడే దక్కనీ పాటలూ ఈ ఊరివే. బార్కస్ వైపు మోగే మర్ఫా కూడా ఈ ఊరిదే. నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు తెచ్చిన దరువు అది. ఇప్పుడు హిందువుల ఊరేగింపుల్లోనూ మోగుతోంది.

ప్రశ్న: మా గేటెడ్ కమ్యూనిటీలో బతుకమ్మకు డీజే పెడుతున్నారు. వద్దంటే "పాత కాలం మనిషి" అంటున్నారు. నేను అనేది తప్పా?
– గృహిణి, నిజాంపేట

జవాబు: తప్పు కాదమ్మా. అయితే ఎందుకు వద్దంటున్నారో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. "మన సంస్కృతి" అనే మాట వాడితే గొడవ పెరుగుతుంది.

బతుకమ్మ పాటకు వేగం ఇచ్చేది చప్పట్లూ అడుగులూ. ఒకామె పాదం ఎత్తుతుంది, మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు. అందుకునే ఆ కొద్ది సమయంలోనే ముందు పాడే ఆమె తర్వాతి పాదం గుర్తు చేసుకుంటుంది, కొత్త మాట కూడా కలుపుతుంది. వలయంలో ముసలమ్మ ఉంటే నడక తగ్గుతుంది, పిల్లలు ఎక్కువైతే పెరుగుతుంది. స్పీకర్ పెట్టగానే ఇదంతా పోతుంది. వేగం ముందే కట్టేసి ఉంటుంది. అందరూ ఆడతారు, ఎవరూ పాడరు. పాడకపోతే మాటలు నోటికి రావు, రెండు మూడేళ్లకు పాదం ఎత్తగలిగినవాళ్లు మీ టవర్లలో ఒక్కరూ మిగలరు.

డీజే పాటల మీద నాకు కోపం లేదు. ఒకప్పుడు రేడియోలో తెలంగాణ యాస గ్రామీణ కార్యక్రమంలోనో నాటకంలో హాస్య పాత్రకో తప్ప వినిపించేది కాదు. నేను కూడా ఎర్ర లైటు వెలగగానే మా అమ్మ నేర్పిన మాట దాచుకుని పుస్తకం మాట మాట్లాడాను. అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. ఈనాటి పిల్లలు అదే యాసలో పాడి కోట్లమంది చేత వినిపిస్తున్నారు. అది చూస్తే నా కడుపు నిండుతుంది. అందుకే నా సలహా, మొదటి గంట స్పీకర్ లేకుండా పాడండి, తర్వాత వాళ్లు డీజే పెట్టుకోనివ్వండి. ఆ మొదటి గంటకు మియాపూర్ అమ్మగారి లాంటి పెద్దావిడను ఒకరిని ముందు నిలబెట్టండి. మీ అపార్టుమెంట్లలో తప్పకుండా ఉంటారు. ఎవరూ అడగకపోవడం వల్ల చెప్పి ఉండరు.

ప్రశ్న: మా కాలనీ వాళ్లమే కలిసి చిన్న రేడియో స్టేషన్ పెట్టుకోవచ్చా?
– రిటైర్డ్ టీచర్, హయత్‌నగర్

జవాబు: మాస్టారూ, వ్యక్తులకు ఇవ్వరు. విద్యాసంస్థలకు, కొన్నేళ్లుగా పనిచేస్తున్న రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో లైసెన్స్ ఇస్తారు. 2006 చివర్లో నిబంధనలు సడలించాక స్వచ్ఛంద సంస్థలకు ఈ దారి తెరుచుకుంది. ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లే. చుట్టుపక్కల పది కిలోమీటర్లు వినబడితే గొప్ప. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికులతో తయారు కావాలి. సొంత వార్తలు ఇక్కడా కుదరవు.

అర్జీ పెట్టే ముందు జహీరాబాద్ దగ్గర మాచునూరు వెళ్లి సంఘం రేడియో చూసి రండి. 2008 అక్టోబరులో ప్రసారం మొదలుపెట్టిన స్టేషన్ అది. నడిపేది దళిత మహిళలు. లైసెన్స్ రాకముందు దాదాపు పదేళ్లు వాళ్లు కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేసి, ఊళ్లలో సంఘం మీటింగుల్లో వినిపించారు. విత్తనాల మాటలు, పండగ పాటలు, అన్నీ తమ మాటలోనే. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. నెలకొకసారి కాలనీ హాలులో అరగంట కార్యక్రమం రికార్డు చేసి వినిపించండి. ఏడాది పాటు ఆపకుండా చేయగలిగితే అప్పుడు లైసెన్స్ గురించి ఆలోచించవచ్చు. నగరంలోనే చూడాలంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారి బోల్ హైదరాబాద్ ఉంది, 90.4 ఎఫ్ఎం.

ప్రశ్న: మా నాన్నగారు రేడియో నుంచి రికార్డు చేసుకున్న క్యాసెట్లు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. లలిత గీతాలు, భక్తిరంజని, బుర్రకథలు. ఇల్లు మారుతున్నాం. "అన్నీ ఆకాశవాణి దగ్గర ఉంటాయి కదా, పారేద్దాం" అంటున్నారు మావారు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పారేయకండమ్మా. దయచేసి పారేయకండి.

అన్నీ ఎక్కడా ఉండవు. టేపు ఖరీదైన రోజుల్లో ప్రసారం అయిపోయిన స్పూలును (టేపు చుట్టిన చక్రాన్ని) చెరిపి దాని మీదే మళ్లీ రికార్డు చేసేవాళ్లు. పేరున్న విద్వాంసుల కచేరీలు కొన్ని దాచారు. ఊరి నుంచి బస్సులో వచ్చి పాడి వెళ్లిన వాళ్లవి చాలావరకు పోయాయి. ఇందాక చెప్పిన నాట్ల పాటల పెద్దావిడ రికార్డింగు కోసం కొన్నేళ్ల తర్వాత నేను లైబ్రరీలో అడిగాను. స్పూలు నంబరు దొరికింది. పెట్టి వింటే అందులో ఎరువుల గురించి ప్రసంగం ఉంది. అది అవసరమైన ప్రసంగమే. అయినా ఆ రోజు హెడ్‌ఫోన్ తీసి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఆ ప్రసారాన్ని ఎవరైనా ఇంట్లో టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్నారేమో అని ఇప్పటికీ ఆశ పడుతుంటాను. మీ నాన్నగారి లాంటి వాళ్లు.

క్యాసెట్లను వెంటనే వేసి వినకండి. ముందు క్యాసెట్ మీద ఉండే చిన్న కిటికీలోంచి టేపును చూడండి. తెల్లటి బూజు ఉంటే పక్కన పెట్టి, తెలిసినవాళ్లకే ఇవ్వండి, లేకపోతే ప్లేయర్‌లో టేపును చదివే హెడ్డు కూడా పాడవుతుంది. బాగున్నవాటిని పెన్సిలుతో కాస్త తిప్పి బిగువు సరిచేసి, ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పండి. టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు తీగ కలిపి రికార్డు చేసుకోవచ్చు. పాటల మధ్య అనౌన్సర్ మాటలు, టైము చెప్పడం, పక్క స్టేషన్ కూత, వెనక మీ ఇంట్లో ఎవరో పిలిచిన పిలుపు ఏదీ కత్తిరించకండి. పాడినవాళ్ల పేరు, ఊరు చాలాసార్లు ఆ అనౌన్సర్ మాటల్లోనే ఉంటాయి. డబ్బాల లోపలి అట్ట మీద మీ నాన్నగారు తేదీలు రాసి ఉంటే వాటికి ముందు ఫోటో తీయండి. ఆ సిరా తొందరగా వెలిసిపోతుంది.

అందులో నాట్ల పాటలు పాడే ఒక పెద్దావిడ గొంతు, వెనక అడుగుల చప్పుడు వినబడితే మాత్రం నాకు ఒక్క ఉత్తరం ముక్క రాయండి.